పడవ పైన, సైకిలు కింద

పిల్లలూ! మీలో కంభం చెరువు కట్ట ఎక్కినవాళ్ళు ఎందరు? మార్కాపురం, గిద్దలూరు వైపు పిల్లలైతే ఏదో ఒక సెలవులో ఎక్కే ఉంటారు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో వేసిన కట్ట అది. వరదరాజమ్మ అనే రాణి వేయించిందని చెబుతారు. ప్రపంచంలోని పాత సాగునీటి కట్టడాలను ఎంచి గౌరవించే జాబితాలో 2020లో దానికీ చోటు దొరికింది. చెరువు నిండిన ఏడు కట్ట మీద నిలబడి చూడండి. ఒక వైపు నీళ్ళు ఎత్తున ఉంటాయి, రెండో వైపు మళ్ళు పల్లాన ఉంటాయి. చెరువులో తెప్ప వేసుకుని పోయేవాడు, చేలో నడిచేవాడి తలకన్న ఎంతో పైన ఉంటాడు.

కట్ట మీద ఒక్క చోట మీరు చూసే ఈ వింత, ఒక దేశంలో రోజుల తరబడి మీ వెంటే వస్తుంది. అదే హాలెండు. ఆ దేశపు అసలు పేరు నెదర్లాండ్స్, అంటే పల్లపు నేల అని అర్థం. ఆ దేశస్థులు మనకు కొత్తవాళ్ళు కారు. సుమారు 400 ఏళ్ళ కిందటే మచిలీపట్నం వచ్చి అద్దకపు బట్టలు కొనుక్కుపోయారు. వాళ్ళ పేరిట అక్కడ వలందపాలెం అనే పేట నేటికీ ఉంది.

ఆ దేశం చూడటానికి తమాషా అయిన పద్ధతి ఒకటి ఉంది. ఇరవై ముప్ఫైమంది ఒక జట్టుగా చేరి పెద్ద పడవ ఒకటి మాట్లాడుకుంటారు. ఒకప్పుడు ఇసుక, ధాన్యం, బొగ్గు మోసిన పడవలను బాగుచేసి, సరుకులు పోసే చోట చిన్న చిన్న గదులు కట్టారు. రాత్రి పడక అందులోనే. పొద్దున ఫలహారం చేసి, మధ్యాహ్నానికి రొట్టె మూట కట్టుకుని, అందరూ సైకిళ్ళెక్కుతారు. సరంగు పడవను కాలువలో నడుపుకుంటూ పోతాడు. వీళ్ళు 30 నుంచి 50 కిలోమీటర్ల దాకా తొక్కుకుంటూ సాయంత్రానికి మరో ఊరు చేరితే, రేవులో తమ పడవ కట్టేసి ఉంటుంది. పెట్టె మోయనక్కరలేదు, బస వెతకనక్కరలేదు. ఇల్లే వెంట నడిచి వచ్చినట్టు!

అంత దూరం తొక్కగలమా అని భయపడకండి. గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాటి నల్లమల ఘాటు రోడ్డులో సైకిలు తొక్కినవాడికి అక్కడ కొండ అన్నదే కనిపించదు. కాని ఎదురుగాలి ఉంది చూశారూ, అదే అక్కడి ఘాటు. సముద్రం మీది నుంచి అడ్డు లేకుండా వీస్తుంది. సైకిళ్ళకు వేరే బాట, వేరే దీపాలు ఉంటాయి. దారి కలిసే చోటల్లా ఒక అంకె రాసి ఉంటుంది. మీరు పోవలసిన అంకెలు ఒక చీటీ మీద వరసగా రాసుకుంటే చాలు, ఎవరినీ దారి అడగనక్కరలేదు. అక్కడ మనుషులకంటె సైకిళ్ళే ఎక్కువ. పదీ పన్నెండేళ్ళ పిల్లలకు బడిలో సైకిలు పరీక్ష కూడా పెడతారు. కాగితం మీద మాత్రమే కాదు, నిజం వీధిలో, బండ్ల మధ్య కూడా. (మనకూ అలాంటి పరీక్ష ఉంటే లెక్కలకంటె ముందు దానికే చదివేవాళ్ళు కొందరున్నారు, నాకు తెలుసు.)

ఆమ్‌స్టర్‌డాం నుంచి బయలుదేరిన జట్టు కాస్త దూరం పోయేసరికి ఆ వింత ఎదురవుతుంది. బాట గట్టు దిగి పొలాల్లోకి పోతుంది. తల ఎత్తి చూస్తే పడవ పైన పోతూ ఉంటుంది! కాలువ నీళ్ళు చేలకంటె రెండు నిలువుల ఎత్తున ఉంటాయి.

ఇదెలా జరిగిందంటే, అక్కడ పూర్వం పెద్ద సరస్సు ఉండేది. గాలివాన వచ్చినప్పుడల్లా ఒడ్డు కోసుకుని ఊళ్ళు మింగేది కనుక జనం దాన్ని 'నీటి తోడేలు' అనేవారు. 1836లో దాని నీళ్ళు ఒకసారి ఆమ్‌స్టర్‌డాం దాకా, మరొకసారి లైడెన్ దాకా వచ్చాయి. ఇక ఊరుకుంటే లాభం లేదని, 1840లో సరస్సు చుట్టూ 60 కిలోమీటర్ల కాలువ చేతి పారలతో తవ్వడం మొదలుపెట్టారు. మూడు చోట్ల ఆవిరి యంత్రాలు నిలిపి, 1849 నుంచి 1852 దాకా నీళ్ళు తోడి ఆ కాలువలో పోశారు. సుమారు 45,000 ఎకరాల నేల తేలింది. ఆ మూడు యంత్రాలలో ఒకదాన్ని క్రుకియస్ అనే చోట ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు. దాని పెద్ద గొట్టం వ్యాసమే 12 అడుగులు. ఇప్పుడు విమానాలు దిగే స్కిపోల్ ఉన్నదీ ఆ సరస్సు అడుగునే.

తోడేశారు గదా, ఇంక పని అయిపోయినట్టేనా? కాదు. వేసవిలో గుండ్లకమ్మ ఇసుకలో చెలమ తీసి చూడండి. గుంట తియ్యగానే పక్కలనుంచి నీరు ఊరుతుంది. చెలమను ఎండగానే ఉంచాలని పంతం పట్టి తోడారనుకోండి, చెయ్యి ఆపిన మరుక్షణం మళ్ళీ ఊరుతుంది. హాలెండులో నాలుగో వంతు సముద్రమట్టంకంటె పల్లంలో ఉన్న చెలమే. పైన వానలు కూడానూ. అందుకే తోడుతూనే ఉండాలి. పూర్వం ఆ పని గాలిమరలు చేసేవి. కిండర్‌డైక్ దగ్గర 19 గాలిమరలు నేటికీ వరసగా నిలబడి ఉన్నాయి. వాటి తరవాత ఆవిరి వచ్చింది, ఇప్పుడు కరెంటు మోటార్లు. మన పడమటి మెట్టకు నీళ్ళు రాక బాధ, వాళ్ళకు నీళ్ళు పోక బాధ! కరకట్టలు చూసుకునేందుకు వాళ్ళు 13వ శతాబ్దంనుంచే నీటి సంఘాలు పెట్టుకున్నారు. మన చెరువులకు కుడిమరామత్తు ఉండేదే, అటువంటిది.

కాలువ ఒక ఎత్తునా, నది మరొక ఎత్తునా ఉన్న చోట పడవ లాకు దాటాలి. బెజవాడ, ధవళేశ్వరం పిల్లలకు ఇది చెప్పనక్కరలేదు. పడవ లాకులోకి రాగానే వెనక తలుపు మూసి, నీళ్ళు వదిలో నింపో ముందరి నీటిమట్టానికి తెచ్చి, ముందు తలుపు తీస్తారు. కాలువకు అడ్డం వచ్చిన వంతెన అయితే గంట మోగించి పైకి లేస్తుంది. అప్పుడు సైకిళ్ళ జట్టు ఆగి, తమ పడవే తమ ముందునుంచి పోతుంటే చేతులూపుతుంది. వెనకటికి కొన్ని ఊళ్ళలో వంతెన కాపరి, గాలపు కర్రకు ఒక చెక్కబూటు కట్టి పడవలోకి వేలాడదీసేవాడు. సుంకం అందులో వెయ్యాలి.

గౌడా ఊరికి పోయే దారిలో జట్టు తప్పక ఆగే చోటు ఒకటి ఉంది. అది ఐసెల్ అనే ఏటి కరకట్ట. దాని వెనక నేల ఆ దేశంలోకెల్లా పల్లం, సముద్రమట్టానికి 6 మీటర్లకు పైగా కింద. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో తుఫాను లేచింది. నైరుతి దిక్కున కట్టలు తెగి 1,836 మంది చనిపోయారు. తెల్లవారేసరికి ఈ ఏటి గట్టుకూ గండి పడింది. అది పెద్దదైతే లక్షలమంది ఉన్న పల్లపు నేల మునుగుతుంది. మట్టిమూటలు వేసే వ్యవధి లేదు. ఆరీ ఎవెఖ్రూన్ అనే సరంగు ఉన్నాడు. అతని పడవ పేరు 'అన్నదమ్ములిద్దరు'. దాన్ని గండిలో పెట్టమని ఊరి మేయరు అడిగాడు. ఆ ప్రవాహంలో పడవ ఒక్కసారి తప్పితే గండి గుండా అవతలి పల్లంలోకి పోయి ముక్కలవుతుంది. అతడు పడవను గట్టు వెంబడే తెచ్చి, అడ్డంగా తిప్పాడు. నీటి తోపుకు అదే తలుపు మూసినట్టు వెళ్ళి గండికి అతుక్కుపోయింది. వెంటనే ఖాళీలు పూడ్చారు.

ఇప్పుడక్కడ గట్టు మీద ఆ సరంగుకూ పడవకూ గుర్తుగా శిల్పం ఉంది. జట్టు సైకిళ్ళు ఆనించి, కాసేపు అటు ఏటి నీళ్ళనూ ఇటు కింద ఇళ్ళ కప్పులనూ చూసి, మళ్ళీ ఎక్కుతుంది. గౌడా రేవులో పడవ కట్టేసి ఉంటుంది.