ఏడున్నర శాతానికి ఒక ముద్ర

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కొని చూడు అనలేదు. వారి కాలంలో ఇల్లు కట్టుకోవడమే గాని కొనుక్కోవడం అరుదు కనుక ఆ కష్టం వారి ఎరుకలోకి వచ్చి ఉండదు. వచ్చి ఉంటే సామెతలో మొదటి మాట అదే అయ్యేది.

బెజవాడ చుట్టుపక్కల ఏ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ముందు నిలబడినా ఒకే దృశ్యం. సాక్షులు, దస్తావేజు లేఖరి, వేలిముద్రలు, చివర మిఠాయి పొట్లం. కాగితంలో భాష మాత్రం రాజశాసనంలా ఉంటుంది: సర్వహక్కులతో విక్రయించితిమి, పుత్రపౌత్ర పారంపర్యముగా నిరాఘాటముగా అనుభవించగలరు అని. ఆ గంభీరమైన సమాసాల కింద ప్రభుత్వ ముద్ర పడగానే కొన్నవాడు గుండెల మీద చెయ్యి వేసుకుని ఇంటికి వెళ్తాడు. "రిజిస్ట్రేషన్ అయిపోయిందండీ, ఇక భయం లేదు" అంటాడు. తెలుగునాట ఇంతకంటే ఖరీదైన మూఢనమ్మకం మరొకటి లేదని నా వాదం.

ఆ ముద్ర ఏమి చెబుతుంది? ఫలానా వారు ఫలానా రోజున ఈ కాగితం తెచ్చి, ఇది మేము రాసినదే అని ఒప్పుకున్నారు అని చెబుతుంది. అంతే. అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందని చెప్పదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నమోదు చేసేది పత్రాన్ని, హక్కును కాదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నిబంధన ఒకదానిని కొట్టివేస్తూ సుప్రీంకోర్టు ఈ సంగతినే మళ్ళీ తేల్చింది: అమ్మేవాడికి హక్కు ఉన్నదా లేదా అని విచారించడం రిజిస్ట్రారు పని కాదు. పోనీ రెవెన్యూ వారి అడంగల్, 1-బి చూపిద్దామా? అవి శిస్తు కోసం రాసుకున్న పద్దులే గాని హక్కుపత్రాలు కావని కోర్టులు ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు.

ఇంత స్వల్పమైన సేవకు మనం చెల్లించేది ఎంత? స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. వెరసి ఏడున్నర. యాభై లక్షల ఇంటికి మూడు లక్షల డెబ్బై అయిదు వేలు. రేపు ఆ ఇల్లు మనది కాదని తేలితే ఇందులో ఒక్క రూపాయి పూచీ కూడా ప్రభుత్వానికి లేదు. వడ్డించినవాడికి విస్తరిలో ఏముందో తెలియదట, భోజనం ఖరీదు మాత్రం ముందే వసూలు.

మా బంధువు ఒకాయన కంకిపాడు వైపు రెండు వందల గజాల స్థలం కొన్నారు. అమ్మినవారు ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. ఈసీ తీశారు, శుభ్రంగా ఉంది. ఇల్లు కట్టి, గృహప్రవేశం చేసి, తొమ్మిదేళ్ళు కాపురం ఉన్న తరువాత కోర్టు నుంచి సమను వచ్చింది. ఆ అన్నదమ్ములకు ఒక చెల్లెలు ఉన్నదట. ఊరంతా ఆ చెల్లెలిని ఆడిపోసుకుంది, పుట్టింటి ఆస్తికి ఎగబడిందని. నేనూ మొదట అలాగే అనుకున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 నుంచీ ఉంది. ఉమ్మడి ఆస్తిలో సైతం పెళ్ళికాని కూతుళ్ళకు జన్మహక్కు ఇచ్చింది దేశంలో అందరికంటే ముందుగా మేలుకొన్న రాష్ట్రాలలో ఒకటైన మనదే, 1986లో. తప్పు అడిగిన ఆడపడుచుది కాదు. ఆమె సంతకం ఏదీ అని అడగని మగవాళ్ళందరిదీ. మా బంధువు చివరికి రాజీపడి, కొన్న స్థలానికే రెండోసారి డబ్బు కట్టారు.

ఈసీ శుభ్రంగా ఉండడంలో వింత లేదు. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా అందులో ఉండదు. నోటిమాటగా జరిగిన పంపకం ఉండదు. దస్తావేజులు అప్పగించి తెచ్చుకున్న అప్పు ఉండకపోవచ్చు. చెల్లెలు అసలే ఉండదు.

"కొనేవాడే జాగ్రత్త పడాలి" అంటారు పెద్దమనుషులు. లింకు డాక్యుమెంట్లు చూసుకోవాలి, లాయరు అభిప్రాయం తీసుకోవాలి, 22-ఎ నిషేధిత జాబితా వెతకాలి, 1977 చట్టం కింద అసైన్డ్ భూమి కాదని తేల్చుకోవాలి. మంచి మాటే, నేనూ అందరికీ అదే చెబుతాను. కాని లాయరు అభిప్రాయం చివరి పేరా ఎవరైనా చదివారా? "నాకు చూపిన పత్రాల మేరకు" అని ఉంటుంది. బ్యాంకు అప్పు ఇచ్చింది కదా అంటారు. బ్యాంకు చూసుకునేది తన అప్పును. అందరూ తమ తమ గట్ల మీద క్షేమంగా నిలబడి, కొనేవాణ్ణి మాత్రం ఈదుకోమంటున్నారు.

ఈదడం అన్నది అలంకారానికి అన్నమాట కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని ముంచినప్పుడు నీళ్ళలో నిలిచిన ఇళ్ళలో ఎన్నింటికి పక్కా దస్తావేజులు ఉన్నాయో! నాలుగు హద్దులూ రాసి ఉంటాయి. ఐదో హద్దయిన బుడమేరు దానిలో లేదు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని అమ్మేవాడు తానే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. ఆ సెక్షన్ అడ్డం పెట్టి నీటి సంగతి అడిగినవారిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు: హక్కుకు పూచీ ఇస్తామంటూ భూమి హక్కుల చట్టం తెచ్చారు కదా, మీరే వద్దన్నారు కదా అని. 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చిన ఆ చట్టాన్ని న్యాయవాదులు వీధికెక్కి వ్యతిరేకించారు. 2024 ఎన్నికలలో అది పెద్ద వివాదమైంది. ఆ జులైలోనే శాసనసభ దాన్ని రద్దు చేసింది. రద్దు సబబే. హక్కు తేల్చే పనిని అధికారి చేతిలో పెట్టి, సివిల్ కోర్టు తలుపు మూయడం పూచీ అనిపించుకోదు. అయితే ఒక మాట. ఇంట్లో ఎలుకలున్నాయని పిల్లిని తెచ్చారు, పిల్లి కరుస్తున్నదని తరిమారు. ఎలుకల మాటేమిటి? రద్దు నాడు టపాకాయలు కాల్చినవారెవరూ మరునాడు ఆ ప్రశ్న వేయలేదు. అందులో నేనూ ఉన్నాను.

ఇంగ్లండులో భూమి రిజిస్ట్రీ రాసిన హక్కుకు రాజ్యమే పూచీ. రిజిస్టరులో తప్పు వల్ల ఎవరైనా నష్టపోతే పరిహారం చెల్లిస్తుంది. వారూ ఒక్కరోజులో అక్కడికి చేరలేదు. 1862లో రిజిస్ట్రీ పెట్టారు, దేశమంతటా అమ్మకాలకు నమోదు తప్పనిసరి అయ్యేసరికి 1990 వచ్చింది. అక్కడా ఒప్పందాలు మార్చుకునే దాకా అమ్మేవాడు మాట తప్పి ఎక్కువ ఇచ్చినవాడికి అమ్ముకోవచ్చు. స్వర్గమేమీ కాదు. అయినా రుసుము తీసుకున్నవాడు పూచీ పడాలన్న కనీస నీతి అక్కడ చట్టమై కూర్చుంది.

మన అపార్టుమెంట్లకు సైతం ఆ నీతి కొంత వచ్చింది. స్థలం హక్కులో లోపం వల్ల కొన్నవాడు నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలని, కాలదోషం అడ్డు చెప్పరాదని 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ అంటుంది. బిల్డరు మెడకు వేసిన ఉచ్చు ప్రభుత్వం తన మెడకు ఎందుకు వేసుకోదు?

నేను అడిగేవి మూడే. అమ్మేవాడు వారసులందరి పేర్లూ, నీటి ముంపూ, నడుస్తున్న దావాలూ తన సంతకంతో దస్తావేజులో రాయాలి. రిజిస్ట్రేషను, రెవెన్యూ, కోర్టు పుస్తకాలు మూడూ ఒకచోట కనబడాలి. ఆ ఏడున్నర శాతంలో కొంత పక్కన పెట్టి, మోసపోయినవాడికి పరిహారనిధి ఏర్పరచాలి. కోర్టు తలుపు మాత్రం తెరిచే ఉండాలి.

అంతవరకూ, మిత్రులారా, ఇల్లు చూడబోయినప్పుడు వంటగది, వాస్తు తరువాత చూడండి. ముందుగా ఒక ప్రశ్న అడగండి: "మీకు అక్కచెల్లెళ్ళు ఎంతమందండీ?"