ఇసుక దారికి అడ్డుకట్ట

పుదుచ్చేరి ప్రొమెనాడ్‌కు ఉత్తరాన ఉన్న మత్స్యకారుల పేట వైతికుప్పం. పడవ ఒడ్డుకు లాగాలన్నా, వల ఆరేయాలన్నా, చేపలు ఎండబెట్టాలన్నా వారికి కావలసింది ఇసుక. 1990ల నుంచి అక్కడ కరువైంది అదే. దాని స్థానంలో బండరాళ్ల వరస వచ్చింది.

ఇది తుపానుల తప్పు కాదు. కోరమండల్ తీరంలో ఇసుక నిత్య ప్రయాణికురాలు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దాన్ని ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల వేళ కొంత వెనక్కి తోస్తాయి. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1980ల చివర్లో రేవు కోసం అరియాంకుప్పం నది ముఖద్వారం దగ్గర సముద్రంలోకి రాతికట్టలు వేశారు. దాంతో ఇసుక దక్షిణాన మేట వేసింది. ఉత్తరాన మాత్రం అలలు తీసుకెళ్లడమే తప్ప తెచ్చిపెట్టేది తగ్గిపోయింది.

పట్టణాన్ని కాపాడేందుకు పేర్చిన రాళ్లు రోడ్డును నిలబెట్టాయి. బీచ్‌ను మాత్రం తేలేకపోయాయి. పైగా గోడ ఆగిన చోట కోత మొదలవుతుంది. అలా అది తమిళనాడులోని కొట్టకుప్పం, తంతిరాయన్‌కుప్పం వైపు పాకింది. అలలకు రాష్ట్రాల సరిహద్దు పట్టదు, బడ్జెట్లకు పడుతుంది.

నష్టం మనుషులకే కాదు. గుడ్లు పెట్టేందుకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు రాళ్లెక్కలేదు. ఒడ్డు నుంచి లాగే అలివి వలకు నిలబడే చోటుండదు. వాన నీటిని ఇంకించుకుని ఉప్పునీటిని నిలువరించే ఇసుక దిబ్బలు పోతే, తీరంలోని మంచినీటి బావులకూ ముప్పే.

2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనతో సచివాలయం ఎదుట సముద్రంలో కృత్రిమ రీఫ్ అమర్చారు. అలల ఉధృతి తగ్గి, ప్రొమెనాడ్ ముందు కొంత ఇసుక తిరిగొచ్చింది. సందర్శకులు సంబరపడ్డారు. అయితే ఒక చోట ఇసుక నిలిచినంత మాత్రాన తీరమంతటి లోటు తీరదు.

విశాఖపట్నం అనుభవం మన ముందే ఉంది. ఔటర్ హార్బర్ కట్టాక పోర్టు దగ్గర చేరే ఇసుకను తవ్వి ఆర్కే బీచ్‌కు పంపు చేయడం అక్కడ ఏళ్ల తరబడి సాగుతున్న పని. రేవు కట్టడం ఒకసారి పెట్టే ఖర్చయితే, అది ఆపిన ఇసుకను ఆవలి ఒడ్డుకు చేర్చడం ఏటేటా పెట్టాల్సిన ఖర్చు. మొదటిది ప్రభుత్వం భరించి రెండోది మరిచిపోతే, ఆ బాకీ వైతికుప్పం లాంటి పేటలే తీర్చాల్సి వస్తుంది.