మట్టి బుర్ర ఎవనిది?

"మీ వానికి చదువు మీద ఇంట్రస్ట్ లేదు."

పేరెంట్స్ మీటింగుల సారు ఈ ఒక్క ముక్క చెప్పి, ప్రోగ్రెస్ కార్డు మీద నాతోని సంతకం పెట్టించుకున్నడు. లెక్కలల్ల 100కు 11. సైన్సుల 14. పిల్లగాడు తొమ్మిదో తరగతి. నా వెనుక లైన్ల నిలబడ్డ ఇంకో నలుగురికీ గదే ముక్క, గదే సంతకం. ఐదుగురం ఖిలా వరంగల్ కోట లోపలి ఒకే వాడోళ్ళం. ఒక్క వాడల ఐదుగురు పిల్లలకు ఒక్కసారే ఇంట్రస్ట్ ఎట్ల పోయిందని సారుకు అనుమానం రాలేదు. ఆ పొద్దు నాకూ రాలేదు.

ఇంటికొచ్చి బెల్టు తీసిన. దాచుకునేదేముంది, మన పత్రికల రాసేటోడు నిజం రాయాలె. కొట్టుకుంట "రేపటిసంది ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మొయ్యనీకి తోల్త" అన్న. వాడు ఏడ్వలేదు. "తోలు నాయినా, పోత" అన్నడు. నేను బెదిరించిన మాట వానికి బడికి సెలవిచ్చినట్టు ఇనవడ్డది. మూడు రాత్రులు నాకు నిద్ర లేదు.

సారు ఇంకో మాట గూడ అన్నడు. "మట్టి బుర్ర". నవ్వుకుంట అన్నడు, పిల్లగాని ముందటనే అన్నడు. అయ్యా, మీరు నిలబడి మాట్లాడేది మట్టికోట నడుమ! కాకతీయులు రాతిగోడ కట్టిచ్చి, దాని సుట్టూ మట్టిగోడ పోయించిన్రు. 700 యేండ్లు దాటినా ఆ మట్టికట్ట ఇంకా నిలబడే ఉన్నది. ఆ మట్టి తవ్వినోడెవడు? తట్టలకెత్తి మోసినోడెవడు? కోటల బోర్డుల మీద రాజుల పేర్లున్నయి, సౌండ్ అండ్ లైట్ షోల రుద్రమ ఉన్నది. మట్టి మోసినోని పేరు ఎక్కడా లేదు. మట్టిని తక్కువ చేసి మాట్లాడెటోళ్ళు జర కిటికీలకెల్లి బయటికి చూడున్రి.

అసలు ముచ్చటకొస్త. నాలుగో రాత్రి పిల్లగాన్ని పక్కన కూసోబెట్టుకొని తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం తెరిచిన. ఇంగ్లీషుల అక్షరాలు చదివిండు, అర్థమేందంటే నేల చూసిండు. ఎనిమిదోది తెరిచిన. ఏడోది తెరిచిన. ఎక్కడ ఆగుతడో చూద్దామని కిందికి దిగుకుంట పోయిన. పక్కింటి పిల్లది నాలుగో తరగతి పుస్తకం తెచ్చి, 732ను 6తోని భాగించమన్న. అక్కడ ఆగిండు.

అదే పిల్లగాడు సెలవులల్ల నా ఎంబడి మార్కెట్టుకొచ్చి, 38 బస్తాలకు కూలి ఎంతయితదో దడువాయి కన్నా ముందు చెప్తడు. కోల్‌కతా, ఢిల్లీ అంగళ్ళల్ల పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వాళ్ళ తోటోళ్ళు 2025ల అచ్చేసిన పరిశోధనల గూడ ఇదే తేలింది. అంగట్ల నోటితోని చిక్కు లెక్కలు చేసెటోళ్ళు, బడి కాయితం మీద చిన్న లెక్క కాడ ఆగిన్రు. బుర్ర ఉన్నది. బుర్రకూ బడికీ నడుమ తోవ లేదు.

ఎందుకు లేదో వేళ్ళ మీద లెక్క వేసిన. సార్లు గూడ వెయ్యున్రి. వీడు నాలుగో తరగతిల ఉండాల్సిన యేడు 2020-21. 2020 మార్చిల కరోనాకు బడులు మూసిన్రు. సెప్టెంబరు 1సంది టీ-శాట్ల, యాదగిరి చానెల్ల పాఠాలన్నరు. టీవీ చెప్పుకుంటపోతది గని, అడిగితే మళ్ళ చెప్తదా? చిన్న తరగతులకు బడి తెరిచింది 2021 సెప్టెంబరు 1న. అప్పటికి వీన్ని పరీక్ష లేకుండనే ఐదుకు నూకిన్రు. ఆరుకొచ్చిన యేడు 2022-23. సర్కారు బడులల్ల 1 నుంచి 8 దాకా ఇంగ్లీషు మీడియం మొదలయింది ఆ యేడే. తెలుగుల భాగారం రానోనికి ఇంగ్లీషుల భిన్నాలు చెప్పిన్రు! అప్పటిసంది మూడేండ్లకు పైన వాడు రోజూ పొద్దంత అర్థంకాని ముచ్చట ఇనుకుంట కూసున్నడు. మీకు రాని భాషల మూడేండ్లు హరికథ ఇనున్రి సారూ, మీ ఇంట్రస్ట్ ఎంత మిగుల్తదో చూద్దాం.

ఈ మాటకు ఇంగ్లీషు మీడియం వద్దన్న పెద్దలు ముసిముసి నవ్వుతరని నాకెరుకే. వాళ్ళ పిల్లలు ఏ కాన్వెంటుల చదివిన్రో గూడ ఎరుకే. ఇంగ్లీషు మనం అడిగిందే. ఇయ్యాల గూడ అడుగుతం. అడిగింది పుస్తకం అట్ట కాదు, చెప్పే సారును. తెలుగులకెల్లి ఇంగ్లీషులకు దాటించే మనిషిని అడిగితే, ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లీషు అచ్చేసి చేతులు దులుపుకున్నరు.

ఇప్పుడు ఇంకో పాట. ఫెయిల్ చెయ్యకుండ నూకుడే కొంప ముంచిందట. కేంద్రం 2024 డిసెంబరుల నిబంధన మార్చి, 5, 8 తరగతులల్ల తప్పినోన్ని మళ్ళ అక్కడనే ఉంచొచ్చన్నది. నూకుడొకటి, ఆపుడొకటి. నడుమ చెప్పుడు అనేదొకటి లేదా? 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ల స్పష్టంగ ఉన్నది: ఒక్కొక్క పిల్లగానికి ఎంత వచ్చో టీచరు చూసి, వెనుకబడ్డోనికి అదనంగ చెప్పాలె. 17వ సెక్షన్ ప్రకారం కొట్టుడు, మనసు నొప్పించుడు రెండూ నిషేధమే. "మట్టి బుర్ర" ఏ లెక్కల్లకొస్తది?

పాఠం రాకపోతే కులం ముచ్చటెందుకు అంటరు. ఇనున్రి. 2004ల ప్రపంచ బ్యాంకు అచ్చేసిన ఒక పరిశోధన ఉన్నది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెలల్ల 6, 7 తరగతుల మగపిల్లలు 642 మందికి కాయితం మీద చిక్కుదారులు గీసి, బయటికి తోవ కనుక్కోమన్నరు. ఎన్ని విప్పితే అన్ని పైసలు. కులం ఎత్తనప్పుడు పైకులాలోళ్ళు, కిందికులాలోళ్ళు దాదాపు సమానంగ విప్పిన్రు. తర్వాత అందరి ముందట ఒక్కొక్కని పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం చదివి చేయించిన్రు. కిందికులాల పిల్లల లెక్క దబ్బున పడ్డది. అవే బుర్రలు, అవే కాయితాలు, అవే పైసలు. కొత్తగొచ్చింది కులం చదువుడు ఒక్కటే.

మన బడులల్ల అది ప్రయోగం కాదు, యేటేటా జరిగే తంతు. "ఎస్సీ పిల్లలు లేవున్రి, స్కాలర్‌షిప్ ఫారాలు తీసుకోన్రి." తరగతి మొత్తం మర్రి చూస్తది. ఆ ఫారం ఆఫీసు గదిల ఇస్తే ఎవని సొమ్ము పోతది?

పైసలున్నోని కొడుకు తప్పితే వానికి టెన్షన్ అంటరు, కౌన్సెలింగ్ అంటరు, హన్మకొండల కోచింగు అంటరు, ఆఖరికి డొనేషన్ సీటుంటది. మనోడు తప్పితే వంశమే అంత!

సార్లను తిట్టి ఊకుంటే సగం నిజమే రాసినట్టయితది. మనం తక్కువ తిన్నమా? ఏప్రిల్ 14న బాబాసాహెబ్ డిగ్రీలు వరుసబెట్టి చదివి చప్పట్లు కొడ్తం, ఇంటికొచ్చి పిల్లగాన్ని "ఆయన అంత కష్టంల చదివిండు, నీకేం రోగం" అంటం. నేనన్న. ఆ మనిషి సాతారా బడిల గోనెపట్టా మీద ఎడంగ కూసున్న సంగతి, ప్యూను పోస్తెనే నీళ్ళు తాగిన సంగతి రాసుకున్నది ఆ గోనెపట్టా ఉండొద్దని. దాని మీద కూసున్నా ఫస్టు రావాలెనని మన పిల్లల్ని కొట్టెతందుకు కాదు.

మా నాయిన చదువు లేకుండనే ఆజంజాహి మిల్లుల బతికిండు. 1934ల మొదలయిన మిల్లు 2002ల మూతపడ్డది. నాకు హమాలీ మిగిలింది. 1994ల మొదలయిన దండోరా 30 యేండ్లు కొట్లాడితే, 2025 ఏప్రిల్ 14న తెలంగాణల వర్గీకరణ చట్టం అమలులకొచ్చింది. 15 శాతంల మన వాటా మనకు తేలింది, సంబురం చేసుకున్నం. ఆ వాటా కాడికి పొయ్యే తోవల భాగారం కాడ నా కొడుకు కూలవడ్డడు. వాన్ని లేపనీకి నా చేతిల బెల్టు!

ఇగ బెల్టు లేదు. రోజూ రాత్రి గంట, నాలుగో తరగతి పుస్తకం. నాకు వచ్చినంత నేను చెప్తున్న, రానిది వాడల ఇంటర్ చదివే ఆడపిల్ల చెప్తున్నది. ఆ పిల్ల నా కన్నా ఓపికగల్లది, అది ఒప్పుకోవాలె. పది రాత్రులయింది. మొన్న 732ను 6తోని భాగిస్తే 122 వచ్చింది. "నాయినా, 735 అయితే 3 మిగుల్తది కదా" అన్నడు. నేను అడగలేదు, వాడే అన్నడు.

వచ్చే మీటింగుకు ఐదుగురం కలిసి పోతున్నం. నాలుగో తరగతి పుస్తకం పట్టుకపోతం, 24వ సెక్షన్ జిరాక్సు పట్టుకపోతం. ఏ పిల్లగాడు ఏ పాఠం కాడ ఆగిండో, వానికి ఏ గంటల ఎవరు చెప్తరో కాయితం మీద రాసిచ్చి, ఈసారి సంతకం సారు పెట్టాలె. శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేట వాడలోళ్ళు తమ పిల్లలు ఎక్కడ ఆగిన్రో చూసి రాస్తే, అవి గూడ కలుపుకొని పోతం.