ఎత్తుంటే గొప్పా?

వెండి డాలర్లు పోగేసేవాళ్ళలో ఒక మూఢనమ్మకం ఉంది. బొమ్మ ఎంత ఎత్తుగా ఉంటే నాణెం అంత గొప్పదట. 1922లో పీస్ డాలర్ ఎత్తు తగ్గించిన అమెరికా టంకశాలవాళ్ళు కళాద్రోహులట! ఇదేం లాజిక్కో నాకైతే అర్థం కాదు.

అసలు జరిగింది చూడండి. ఆంథొనీ డి ఫ్రాన్సిషీ డిజైన్‌తో 1921 డిసెంబర్ చివర్లో ఫిలడెల్ఫియాలో 10 లక్షల పైచిలుకు నాణేలు కొట్టారు. హై రిలీఫ్ అంటే బొమ్మ బాగా పైకి లేచి ఉండటం. అలా లేవాలంటే అచ్చులో గుంట లోతుగా ఉండాలి, ఆ గుంటంతా వెండి నిండాలి. ఒక్క దెబ్బకి నిండదు. ఒత్తిడి పెంచితే అచ్చులు పగులుతాయి. అందుకే 1921 నాణేల్లో చాలావాటికి లిబర్టీ చెవి మీది జుట్టు కొత్తలోనే చదునుగా ఉంటుంది. అంటే డిజైనరు చెక్కిన అందం జనం చేతికి చేరనే లేదన్నమాట!

డెమోలో అదిరిపోయి ప్రొడక్షన్‌లో కూలిపోయే కోడుని మనం మెచ్చుకుంటామా? ఎత్తు తగ్గించాక, 1922లో ఒక్క ఫిలడెల్ఫియాలోనే 5 కోట్లకు పైగా కొట్టారు. 1907 నాటి సెయింట్ గాడెన్స్ 20 డాలర్ల బంగారు నాణెం కథా ఇంతే.

"మరి 1921 దానికే ధరెక్కువ కదా" అంటారు. నిజమే, తక్కువ కొట్టారు కాబట్టి. వెండి మాత్రం రెండిట్లోనూ 90 శాతమే, బరువు 26.73 గ్రాములే. ఎత్తు పెరిగితే వెండి పెరగదు మాస్టారూ!

ఈ పిచ్చి వల్ల జేబుకి చిల్లు కూడా. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని ఆన్‌లైన్‌లో కొనే మనవాళ్ళకి అరిగిన నాణాన్ని "అరగలేదు సార్, అప్పట్లో దెబ్బ సరిగ్గా పడలేదంతే" అని అంటగట్టడం తేలిక. చేతికొచ్చాక వెలుగులో తిప్పి చూడండి. దెబ్బ తక్కువైన చోట సాధారణంగా మెరుపు మిగిలే ఉంటుంది, అరిగిన చోట మసకబారుతుంది. తేడా అనిపిస్తే గడువు దాటకముందే వెనక్కి పంపెయ్యండి.

అల్మారాలో దాచుకోడానికే చేసే నాణేలకి ఎంత ఎత్తయినా పెట్టుకోవచ్చు, నిదానంగా నాలుగు దెబ్బలు కొట్టుకోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు. కానీ జేబుల్లో తిరగాల్సిన నాణాన్ని తిరిగేలా చేసినవాళ్ళని తిట్టకండి. రిలీజు ముందు రోజు ముద్దొచ్చే ఫీచరుని పీకేసిన అనుభవం ఉన్నవాళ్ళకి ఇది నేను చెప్పాలా?