అడగకపోయినా చెప్పవలసిన మాట

మైపాడు తీరానికి పోయే దారిలో ఉన్న చిన్న శివాలయం మాది. మా ఆలయ ముంగిట వాహనపూజ జరగని శుక్రవారం ఉండదు. కొత్త బండ్ల కంటె చేతులు మారి వచ్చిన బండ్లే ఎక్కువ. రొయ్యల గుంటల మీద పనిచేసేవారు, చేపల వ్యాపారం చేసుకునేవారు, కువైట్‌లో ఉన్న బిడ్డ పంపిన సొమ్ముతో మొదటిసారి కారు కొన్న తల్లిదండ్రులు వస్తుంటారు. బానెట్టు మీద పసుపు కుంకుమలతో స్వస్తికం వ్రాసి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, యజమాని గోత్రనామాలతో సంకల్పం చెప్పి, హారతి ఇస్తాను. ముప్పయ్యేళ్ళుగా ఇదే నా వృత్తి. ఇన్నేళ్ళలో ఏ బండినీ దాని పూర్వచరిత్ర ఏమిటని అడిగి ఎరుగను. అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నదని నాకు తెలియజెప్పినది మా ఇంటి కారే.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను ఈ జిల్లావారు మరువలేరు. పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అప్పుడు మా అబ్బాయి కోవూరులో అద్దె ఇంట ఉండేవాడు. వాకిట నిలిపిన కారు సీట్ల పైదాకా బురదనీట మునిగి, ఒక రాత్రి, ఒక పగలు అట్లాగే ఉన్నది. ఇన్సూరెన్సువారు డబ్బిచ్చారు. సర్వీసు సెంటరువారు సీట్లు ఊడదీసి ఆరబెట్టి, వైరింగు కొంత మార్చి, నడిచే బండిని చేసి ఇచ్చారు. తరువాత రెండేళ్ళు అది నడిచింది. అప్పుడప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఏదో ఎర్రదీపం వెలిగేది. కొన్నాళ్ళకు దానంతటదే ఆరిపోయేది.

2023లో అబ్బాయి ఆ కారును ఎక్స్‌ఛేంజి కింద ఇచ్చి కొత్తది తీసుకోదలచి నన్ను వెంట తీసుకుపోయాడు. పాతబండికి వెలకట్టే మనిషి బండి చుట్టూ తిరిగి, రంగు చూసి, ఇంజను విని, చివరకు ఒక మాట అడిగాడు. బండి ఎప్పుడైనా నీళ్ళలో మునిగిందా అని. మా అబ్బాయి నవ్వి, "వానలో తడవని బండి ఎక్కడుంటుందండీ?" అన్నాడు. ఆ మాటలో అబద్ధమంటూ ఏమీ లేదు. ఆ మనిషి నా వంక చూశాడు. నా నుదుట విభూతిరేఖలు చూశాడు. "అయ్యవారు పక్కనే ఉన్నారు, ఇంక మేము అనుమానించేదేముంది స్వామీ" అని కాగితం మీద వెల వ్రాసుకున్నాడు. నేను మాట్లాడలేదు.

ఆ సాయంకాలం పిల్లలకు కఠోపనిషత్తు పాఠం. వాజశ్రవసుడు యజ్ఞం చేసి గోదానాలు ఇస్తున్నాడు. ఇచ్చే ఆవులన్నీ ఇక నీరు త్రాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలివ్వలేనివి, ఈనలేనివి. ఆ దానం చూసి బాలుడైన నచికేతసునికి మనసు కలుక్కుమన్నది. అక్కడినుండే ఉపనిషత్తు కథ మొదలవుతుంది. అంతలో ఒక శిష్యుడు లేచి, "గురువుగారూ, ఆ ఆవులు పుచ్చుకున్నవారికి వాజశ్రవసుడు ముందే చెప్పి ఇచ్చాడా?" అని అడిగాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు. ఆ ప్రశ్నకు ఉపనిషత్తులో సమాధానం లేదు. నా దగ్గర మాత్రం ఉన్నది. పాఠం అంతటితో ఆపివేశాను.

కురుక్షేత్రంలో ధర్మరాజు చేసినదీ ఇదే గదా! అశ్వత్థామ మరణించాడన్న మాట ద్రోణుని చెవిన పడేటట్లు పలికాడు. చచ్చినది ఏనుగన్న మాట వినపడకుండా పలికాడు. ద్రోణుడు ఆ మాట మరెవ్వరు చెప్పినా నమ్మడు. ధర్మరాజు నోట వచ్చినది గనుకనే నమ్మి అస్త్రసన్యాసం చేశాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ క్షణాన నేలకు దిగిందని భారతం చెబుతున్నది. ఆ ద్రోణపర్వాన్ని తెనిగించిన తిక్కన సోమయాజి ఈ పెన్న ఒడ్డువాడే. ఎన్నో పురాణసభలలో ఈ ఘట్టం చెప్పినవాడిని నేను. మా వాహనం నేలకు దిగిన సంగతి మాత్రం నాకు ఆ పిల్లవాడు అడిగేదాకా తెలియలేదు.

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. నమ్మకం లేనిచోట మౌనం ఉత్త మౌనమే. మనలను నమ్మినవాడి ఎదుట మౌనం వాగ్దానమవుతుంది. వెయ్యేళ్ళ నాటి మాట కాదిది, నేటి చట్టం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షనులో ఒక గుర్రం ఉదాహరణ ఉన్నది. గుర్రానికి లోపమున్నదని తెలిసీ వేలంలో అమ్మేవాడు ఊరకుంటే అది మోసం కాదంటుంది. కొనేది వాని కూతురే అయితే, ఆ బంధుత్వం వల్ల చెప్పవలసిన బాధ్యత ఉన్నదంటుంది. కొనేవాడు, నీవు కాదనకపోతే గుర్రం బాగున్నదనే భావిస్తానని ముందే అన్నప్పుడు అమ్మేవాడు ఊరకుంటే, ఆ మౌనం మాటతో సమానమంటుంది. విభూతి చూసి వెలకట్టిన మనిషి నాతో అన్నది సరిగ్గా ఈ మూడవ మాటే.

మన ధర్మశాస్త్రాలు క్రయవిక్రయాలను చిన్నచూపు చూడలేదు. సరుకులో మరొకటి కలిపి గాని, సారం లేనిదాన్ని గాని, తక్కువదాన్ని గాని, మరుగున పెట్టినదాన్ని గాని అమ్మరాదని మనువు నిషేధించాడు. యాజ్ఞవల్క్యుడు కొన్న వస్తువును పరీక్షించుకోవటానికి గడువులు పెట్టాడు. విత్తనాలకు పది రోజులు, రత్నాలకు ఏడు, పాడిపశువుకు మూడు, బరువు మోసే పశువుకు అయిదు రోజులు. నాటి ఎద్దు స్థానంలో నేడు కారు ఉన్నది. మంచి సరుకు చూపి చెడ్డది అంటగట్టినవాడు కొన్నవానికి రెట్టింపు వెల చెల్లించి, అంతే సొమ్ము దండుగగా కూడా కట్టాలని నారదస్మృతి విధించింది.

శాస్త్రం కొనేవాడిని కూడా వదలలేదు. గుణదోషాలు తానే ముందు పరీక్షించుకోవాలి, పరీక్షించి ఇష్టపడి కొన్నదాన్ని మళ్ళీ తిరిగి ఇవ్వరాదని అదే నారదుడు అన్నాడు. ఇది న్యాయమే. అయితే ఆ పరీక్ష కంటికి కనబడే దోషానికే గదా! తలుపు మీది సొట్ట ఎవరైనా చూడగలరు. కార్పెట్టు కింద, తీగల కలయికల మధ్య ఆరిపోయిన బురదను సామాన్యుడు ఎట్లా చూడగలడు? మునిగిన బండిలో తుప్పు నెలల తరబడి నెమ్మదిగా తింటుంది. మా తీరంలో ఉప్పుగాలి దానికి తోడు. విద్యుత్తు తీగలు, సెన్సారులు చెడితే ఆపద వేళ ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు పోయేది సొమ్ము కాదు, ప్రాణం. ఇది మా ఒక్క ఇంటి కథ కూడా కాదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణం మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు వేలాది వాహనాలు నీటిపాలయ్యాయి. వాటిలో తిరిగి రోడ్డెక్కిన ప్రతి బండి వెనుకా దాని కథ తెలిసిన మనిషి ఒకడున్నాడు.

ఆ రాత్రి అబ్బాయితో ఈ మాటే అన్నాను. వాడు ఊరక అంగీకరించలేదు. "నాన్నగారూ, వాళ్ళు వ్యాపారస్థులు. వాళ్ళకు తెలియని బండి లేదు. మనం నిజం చెబితే మన వెల తగ్గిస్తారు. రేపు అదే బండిని కడిగి, తుడిచి, ఎవరికో పూర్తి వెలకు అమ్ముతారు. మన సత్యం వల్ల లాభం వాళ్ళకే" అన్నాడు. కొట్టివేయదగిన వాదన కాదిది. పాతబండి ఇచ్చే ప్రతి గృహస్థు మనసులోనూ ఉండే వాదన ఇదే. కొత్తబండి అప్పు వాయిదాలు కట్టుకునేవానికి ప్రతి రూపాయీ బరువే.

నేను చెప్పిన సమాధానం ఇది. నాయనా, మనం ఇచ్చేది షోరూముకు కాదు, షోరూము ద్వారా ఒక మనిషికి. ఆ మనిషి ఎవరో మనకు తెలియదు. రేపు నా గుడి ముంగిటికే వచ్చి గోత్రం చెప్పుకునేవాడు కావచ్చు. మనం చెప్పకపోతే వ్యాపారికి దాచే పని కూడా ఉండదు, నాకు తెలియదని నిజంగానే అనగలడు. మనం చెప్పి, కాగితం మీద వ్రాయించి, మరమ్మతు బిల్లులు చేతికిచ్చి వస్తే, ఆ పైన దాచటం అతని పాపం, అతని నేరం. తెలిసిన సంగతిని కావాలని కొనుగోలుదారుకు చెప్పకపోవటం సేవాలోపమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్నది గదా. గొలుసులో మన కడియం మనం సరిగా చేయాలి. పక్క కడియం చెడ్డదని మనది విరుచుకోరాదు.

మరునాడు ఇద్దరమూ తిరిగి వెళ్ళాము. వరద సంగతి నేనే చెప్పాను. నిన్న నేను పక్కనుండీ చెప్పకపోవటం తప్పని కూడా చెప్పాను. ఆ మనిషి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వెలలో అరవైవేలు తగ్గించాడు. వరదలో మునిగి మరమ్మతు అయిన బండి అని అమ్మకపు కాగితం మీద వ్రాయించి, ఇద్దరి చేతా సంతకాలు చేయించాను. అబ్బాయి వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. తగ్గిన సొమ్ములో సగం నేను సర్దాను. ఆ నష్టం నష్టమే, పుణ్యమని పేరు పెట్టి దాన్ని తక్కువ చేయబోను.

పాతబండిని ఇవ్వబోయే పాఠకులకు నా మనవి ఒక్కటే. నీట మునిగినా, గట్టి ప్రమాదం జరిగినా, ఛాసిస్ వంగి సరిచేయించినా, ఎయిర్‌బ్యాగులు ఒకసారి తెరుచుకున్నా, కిలోమీటర్ల మీటరు మార్పించినా, అడిగేదాకా ఆగక మీరే చెప్పండి. నోటిమాటతో సరిపెట్టక కాగితం మీద పెట్టండి. కొనేవారు కూడా మొగమాటం విడిచి అడగండి, సమాధానం వ్రాయించుకోండి. నుదుటి బొట్టును చూసి అడగటం మానవద్దు. నావంటివాడి బొట్టు కూడా ఒకనాడు చాలలేదు.

ఇప్పుడు వాహనపూజకు బండి వచ్చినప్పుడు, సంకల్పానికి ముందు యజమానిని ఒక మాట అడుగుతున్నాను. దీని ముందు మీరు వాడిన బండి ఏమైంది, దాని సంగతంతా చెప్పే ఇచ్చారా అని. కొందరు వెంటనే చెప్పామంటారు. కొందరు నవ్వుతారు. మొన్న ఒకాయన ఏమీ మాట్లాడక, పక్కకు పోయి ఫోను తీశాడు. ఆయన వచ్చేదాకా హారతి వెలిగించకుండా ఆగాను.