'బ్రహ్మా' కోడి: ఒక నామనిరుక్తి విమర్శ

తెలుగులో 'బ్రహ్మ' శబ్దం సమాసంలో పూర్వపదంగా నిలిచి ఆధిక్యాన్ని బోధించడం తెలిసిన విషయమే. బ్రహ్మాండం, బ్రహ్మచెవుడు, బ్రహ్మజెముడు, బ్రహ్మరాక్షసుడు అన్న వరుసను ఉదాహరించి, 'బ్రహ్మా' కోడి పేరుకు కూడా 'మహాకాయం గల కోడి' అన్నదే అర్థమని తేల్చే ధోరణి ఒకటి ఉంది. వృద్ధ్యర్థకమైన 'బృహ్' ధాతువును అందుకు ఆధారంగా చూపుతారు. అమెరికా ప్రమాణాల ప్రకారం ఈ జాతి పుంజు బరువు సుమారు 5.4 కిలోలు, పెట్ట బరువు 4.3 కిలోలు. కాలివేళ్ళ దాకా ఈకలు కమ్మి ఉండడం వల్ల ఆ దేహం మరింత పెద్దదిగా కనిపిస్తుంది. వస్తువూ శబ్దమూ ఇంత చక్కగా పొసగినప్పుడు వేరే విచారణ అక్కరలేదనిపించడం సహజం. నిరుక్తికారుడు మొదట అనుమానించవలసినది ఆ పొసగడాన్నే.

ఈ పేరు సంస్కృత ధాతువు నుంచి నేరుగా పుట్టలేదు. 19వ శతాబ్ది మధ్యభాగంలో అమెరికా కోళ్ళ వ్యాపారంలో పుట్టింది. 1840ల నుంచి చైనాలోని షాంఘై రేవు మీదుగా పెద్ద కోళ్ళు అమెరికాకు చేరాయి. వాటితో నేటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతపు కోళ్ళు కలిసి ఈ జాతి రూపొందిందని పరిశీలకుల అభిప్రాయం. షాంఘై కోళ్ళకు ఒంటి తురాయి ఉండగా, వీటికి మూడు వరుసలుగా అణగిన తురాయి ఉండడం ఆ అభిప్రాయానికి బలం. ఒకే కోడిని ఒకరు షాంఘై అన్నారు, ఇంకొకరు చిట్టగాంగ్ అన్నారు, వేరొకరు బ్రహ్మపుత్ర అన్నారు. పేర్లు డజను దాకా పెరిగి గందరగోళం కాగా, 1852లో బోస్టన్‌లో న్యాయనిర్ణేతలు 'బ్రహ్మపుత్ర' అన్న పేరును ఖాయం చేశారు. అదే ఏడాది విక్టోరియా రాణికి ఈ కోళ్ళను కానుకగా పంపి ప్రచారం సంపాదించిన జార్జ్ బర్న్‌హామ్ అనే వ్యాపారి, 1855లో ప్రచురించిన తన గ్రంథంలో ఆ పేరును ఎగతాళి చేశాడు. పక్షి పుట్టుక గురించి ఇంగ్లండులో లూయిస్ రైట్, టెగెట్‌మైయర్ భిన్నాభిప్రాయాలు ప్రకటించారు. కోడి ఆ నదీతీరం నుంచి వచ్చిందా లేదా అన్నది వివాదమే. పేరు మాత్రం ఆ నదిదే అన్నదానిలో వివాదం లేదు. 1874లో అమెరికా ప్రమాణ గ్రంథంలో ఈ జాతి చోటు సంపాదించుకున్నది. కాలక్రమంలో 'పుత్ర' రాలిపోయి 'బ్రహ్మా' మిగిలింది.

ఆ కాలపు కోళ్ళ వ్యాపారులకు పేరంటే సాధారణంగా ఊరు, రేవు, దేశం. ఈ జాతికి దగ్గరి చుట్టమైన 'కొచ్చిన్' కోడిని చూస్తే చాలు. అది చైనా నుంచి వచ్చిన పక్షి. నేటి దక్షిణ వియత్నాం ప్రాంతానికి ఐరోపావారు పెట్టిన 'కొచ్చిన్‌చైనా' అన్న పేరు దానికి అంటుకొని, చివరి భాగం ఊడి 'కొచ్చిన్' అయింది. కేరళ రేవుతో దానికి సంబంధం లేదు. అక్కడ 'చైనా' పోయినట్టే ఇక్కడ 'పుత్ర' పోయింది. ధ్వనిసామ్యమే ప్రమాణమైతే, ఇటలీలోని లివోర్నో రేవుకు ఆంగ్లరూపమైన 'లెగ్‌హార్న్'లో కాలునూ కొమ్మునూ వెతకవలసి వస్తుంది!

నామైకదేశ న్యాయాన్ని ఇక్కడ ప్రతివాదులు ఎత్తవచ్చు. సత్యభామ 'భామ' అయినట్టు, భీమసేనుడు 'భీముడు' అయినట్టు బ్రహ్మపుత్ర 'బ్రహ్మ' కావడం మన వ్యాకరణ సంప్రదాయానికీ సమ్మతమే కదా అని. సమ్మతమే. కానీ ఆ న్యాయం వారి పక్షాన్ని నిలబెట్టదు, పడగొడుతుంది. 'భామ' అన్నప్పుడు ఏదో ఒక స్త్రీ కాక సత్యభామే బోధపడాలన్నది ఆ న్యాయం ఆంతర్యం. ఆ లెక్కన ఈ 'బ్రహ్మ'కు అర్థం నది. పెద్దతనమూ కాదు, చతుర్ముఖుడూ కాదు.

వారు చూపే ఉదాహరణల వరుస కూడా ఏకరూపం కాదు. బ్రహ్మరాక్షసుడు మొదట బ్రాహ్మణుడై ఉండి రాక్షసత్వం పొందినవాడు. అక్కడ పరిమాణ ప్రసక్తి లేదు. బ్రహ్మాండం బ్రహ్మకు సంబంధించిన అండం. 'చాలా పెద్దది', 'చాలా గొప్పది' అన్న అర్థాలు తర్వాతి వాడుక తెచ్చినవి. (అండం ఉన్నది గనుక కోడికి ఇదే తగిన ఉదాహరణ అని ఎవరూ అనకపోవడం అదృష్టం.) వేర్వేరు దారుల్లో వచ్చిన మాటలను ఒకే వరుసలో నిలబెట్టి, దాని చివర ఒక ఆంగ్ల వ్యాపారనామాన్ని చేర్చడం నిరుక్తి అనిపించుకోదు.

ఇంకొక ఆక్షేపం దీనికంటే గట్టిది. వ్యవహర్తకు ఏ అర్థం తోస్తే అదే పదానికి అర్థం. చరిత్రతో వానికేమి పని? గినీ కోడి తెలుగు నోట 'గిన్నెకోడి' అయింది. గిన్నెకూ ఆ పక్షికీ సంబంధం లేకపోయినా మాట చెల్లుతున్నది. 'బ్రహ్మా' కోడి పెంచే రైతుకు ఆ మాటలో పెద్దతనం స్ఫురిస్తే అది భాషాసత్యమే, నమోదు చేయదగినదే. అయితే దానిని లౌకిక నిరుక్తిగా నమోదు చేయాలి. స్ఫురణను మూలంగా చూపితే, ఒక పదం గంగాబ్రహ్మపుత్రల దేశం నుంచి అట్లాంటిక్ దాటి వెళ్ళి, వేరే భాషలో కుదించుకుపోయి, తిరిగివచ్చిన చరిత్ర అంతా చెరిగిపోతుంది. ఆదాన పదాల అధ్యయనానికి ఇంతకంటే నష్టం ఏముంటుంది?

ఇలా వెళ్ళి తిరిగివచ్చిన మాటలకు తెలుగు ఇదివరకే ఒక గుర్తు పెట్టుకున్నది. పూర్వం నుంచి ఉన్న 'యోగం' అలాగే ఉండగా, ఆంగ్లం మీదుగా వచ్చిన వ్యాయామ పద్ధతి 'యోగా' అయింది. 'అవతారం' పక్కన 'అవతార్' చేరింది. చివరి దీర్ఘమో, ప్రత్యయం లేని హలంతరూపమో ఆ మాట నడిచిన దారిని పట్టిస్తుంది. ఆ దీర్ఘాన్ని తప్పుగా భావించి 'బ్రహ్మ కోడి' అని సంస్కరించడం వల్ల ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది. నిఘంటువులో ఆరోపం 'బ్రహ్మా' అనే ఉండాలి. తక్షణ మూలం ఆంగ్లమనీ, పరమ మూలం సంస్కృత నదీనామమనీ, 'పెద్దది' అన్న స్ఫురణ తెలుగులో తర్వాత కలిగినదనీ మూడు వేర్వేరు సూచనలు చేయాలి.