మీటింగు ఎక్కడో తెలియక

వార్షికోత్సవ సంచికకు రాయమంటే చదువు, క్రమశిక్షణ, లక్ష్యసాధన అని రాస్తాం. మేమూ లోగడ అవే రాశాం. సంపాదకవర్గం తమ్ముళ్లు ఏమీ అనుకోకపోతే ఈసారి వేరే మాట. సెలవులిచ్చినా మనలో కొందరికి ఇంటికి వెళ్లడానికి కాళ్లు ఎందుకు రావో, ఆ మాట.

మాలో ఒకడి నాన్న తాగుతాడు. ఎవడి నాన్న అన్నది అనవసరం. ఆయన మానలేదని కాదు, ప్రతి ఏడాదీ మానాడు. ఒకసారి బిడ్డ నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాడు. ఒకసారి అయ్యప్ప మాల వేసి 41 రోజులు చుక్క ముట్టలేదు, మాల తీశాక మామూలే. ఇంకోసారి ఎవరికీ చెప్పకుండా తనంతట తానే ఆపేశాడు. మూడోనాటికి చేతులు వణికి, లేని మనుషులతో మాట్లాడుతుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు మా వాడే. వాడికీ తెలియలేదు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మొదటి రోజులు డాక్టరు కళ్లముందు గడవాలి. ఇదంతా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాక తెలిసింది.

ఆ డాక్టరుగారే, "మందులతో వణుకు తగ్గుతుంది. ఆ తర్వాత మీటింగులకు పంపండి" అన్నారు.

మాకు తెలిసినవి విద్యార్థి సంఘం మీటింగులు. ఈ మీటింగులు ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లవి, ఏ.ఏ. అంటారు. తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, 1935లో అమెరికాలోని యాక్రన్‌లో మొదలుపెట్టారు. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు పరిశీలించి, పూర్తిగా మానేసి ఉండటానికి ఈ పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేల్చింది.

అంతా బాగుంది, మీటింగు ఎక్కడ? ఒక పాత కరపత్రం మీద జిల్లా కేంద్రంలోని ఒక స్కూలు చిరునామా దొరికింది. ఆదివారం సాయంత్రం మేం ముగ్గురం, ఆ నాన్న, రెండు బస్సులు మారి వెళ్లాం. "తాగుబోతుల మీటింగా? అది ఎత్తేసి ఏడాదైంది" అన్నాడు వాచ్‌మన్. ఆ నాన్న చూపు అప్పటికే రోడ్డవతలి వైన్‌షాపు మీద ఉంది. మనసు కూడగట్టుకుని వచ్చిన మనిషి గేటు దగ్గర నుంచి తిరిగి వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడు వస్తాడు? వైన్‌షాపుకు దారి ఎవరినీ అడగనక్కర్లేదు. మీటింగుకు మాత్రం పీజీ చదివినవాళ్లం ముగ్గురం ఉండి దారి కనుక్కోలేకపోయాం. ఆ రాత్రి ఆయన తాగాడు. మేం అడ్డం పడలేదు.

నాలుగు చోట్లకు ఫోన్లు చేస్తే తెలిసిందేమంటే, మీటింగు ఎత్తెయ్యలేదు, రెండు వీధుల అవతల చర్చి వెనక గదికి మారింది. కుటుంబం వాళ్లూ కూర్చోదగిన ఓపెన్ మీటింగు రోజున వెళ్లాం. అక్కడ విన్నది అక్కడే వదిలి రావాలి కాబట్టి అది రాయం. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. మూడో తరగతి నుంచి కుల ధ్రువీకరణ పత్రం లేనిదే ఏ గదిలోకీ అడుగు పెట్టనివాళ్లం మేం. ఆ గదిలో ఇంటిపేరు కూడా అడగలేదు. దేవుడి ప్రస్తావన వస్తుంది, దాచడం ఎందుకు. ఆ శక్తిని ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చన్నారు. బుద్ధుణ్ణి నమ్మే మా వాడికి మొదట్లో ఇబ్బందే అనిపించింది. వాళ్ల నాన్నకు అనిపించలేదు.

1992లో దూబగుంట తల్లులు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో సడలించారు. ఆ తల్లులకు చేతులెత్తి మొక్కుతాం. కానీ దుకాణం మూసినా, తాగేవాడి ఒంట్లో వణుకు దానంతటదే పోదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, తాగుడుకు బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. మిగతా 37 మందిలో మన ఊళ్లవాళ్లు ఎందరో మీకే తెలుసు.

వార్డెన్ గారికి మా విన్నపం. మెస్ మెనూ పక్కన, మన జిల్లాలో ఏ.ఏ. మీటింగులు జరిగే చోటు, వారం, వేళ రాసి పెట్టించండి. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 కూడా. మూడు నెలలకోసారి ఫోన్ చేసి అవి మారాయేమో చూసే పని టెన్త్ వాళ్లకు అప్పగించండి. స్కాలర్‌షిప్ పడ్డ రోజు "ఒక్క బీరే కదా" అనే మా పీజీ మిత్రులు కూడా ఆ నంబరు రాసుకోవచ్చు.

ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఇంకో మాట. మానాలనుకునే తాగుబోతులు ఇద్దరు ముగ్గురు కూడితే గ్రూపు అవుతుందట. మనం నడపక్కర్లేదు, డబ్బులిచ్చినా పుచ్చుకోరు. వాళ్లకు కావలసింది కూర్చోవడానికి గది, ఆఖరి బస్సు వెళ్లేలోగా. ఆ నాన్న ఇప్పటికి రెండుసార్లు తప్పి మళ్లీ వెళ్తున్నాడు, రానూపోనూ మూడు గంటల ప్రయాణం. మా మండలంలో అంబేద్కర్ భవన్ ఏప్రిల్ 14కీ, డిసెంబర్ 6కీ తప్ప తెరవరు. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కున్నాం. వచ్చే ఆదివారం అడగడానికి వెళ్తున్నాం, ఆ మండలం వాళ్లెవరైనా ఉంటే మాతో రండి.